గుట్ట మీది నుంచి చేసిన ఫోను

కొన్నేళ్లుగా నా ఫోను ఎవరి చేతికీ ఇవ్వను. ఫొటో చూసి ఇస్తానన్నా ఇవ్వను. నాకేదో ప్రేమ వ్యవహారం ఉందని ఆఫీసులో అనుకుంటారు. అంత అదృష్టం కూడానా. నేను మోస్తున్నది వేరే. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతాను.

ఖమ్మంలో మాదొక చిన్న సంస్థ. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఆయాలను పంపుతాం. వానకు దారి తెగితే, కరెంటు పోతే ఎవరేం చేయాలన్న ప్రణాళిక తయారు చేసింది నేనే. భద్రాచలం వైపు అడవి అంచున ఒక రైతు ఉండేవాడు. భార్య లేదు, ఊపిరి ఆక్సిజన్ మిషన్ మీద. ఆయన్ని చూసుకునే ఆయా జయమ్మది ఆ పక్క గూడెమే. కరెంటు పోతే ఆమె ఇంటి వెనక గుట్ట ఎక్కాలి, సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. నాకు ఫోను చేయాలి. దగ్గరి ఊళ్లో ఆటో అతని దగ్గర దాచిన సిలిండర్‌ను నేను పంపించాలి. ఆటో అతని నంబరు ఆమెకు ఇవ్వలేదు. ఏదైనా నా ద్వారానే జరగాలని నా పట్టుదల. మొత్తం మీద మంచి ప్రణాళిక. ఒక్క చోటే బలహీనం. ఆ చోట నేనున్నాను.

జయమ్మ రోజూ గుట్టెక్కేది. అయ్య ఇడ్లీ వద్దంటున్నాడని, అయ్య తమ్ముడి మీద అలిగాడని. అవి నాకు చెప్పమని రైతే ఆమెను పంపేవాడు. ఒక ఆదివారం భోజనానికి కూర్చుంటూ ఆమె నంబరును బ్లాక్ చేశాను. తినేదాకానే అనుకున్నాను. తర్వాత తీయడం మరిచిపోయాను. మరిచిపోయాననే ఇన్నాళ్లూ నమ్మాను. ఈ మధ్య ఆ మాట మీదా అనుమానం వస్తోంది, ఎందుకంటే ఆ తర్వాతి రెండు రోజులు ఎంత హాయిగా గడిచాయో నాకు బాగా గుర్తుంది, మరి హాయి గుర్తున్నవాడికి దాని కారణం గుర్తు లేకుండా ఎలా పోతుంది?

అప్పుడే గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. ఎప్పటికో సాయంత్రం ఊరివాళ్లే ఆయన్ని ట్రాక్టర్ మీద ఆసుపత్రికి చేర్చారు. స్పృహ లేదు. కొన్ని వారాలకు పోయాడు. ఆలస్యం వల్లేనా? డాక్టర్ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారన్న కబురు అందగానే, ఫోనులో బ్లాక్ వల్ల ఆగిపోయిన కాల్స్ తెరిచి చూశాను. వరసగా జయమ్మ పేరే. చెరిపేశాను.

ఆ రైతు తమ్ముడిది ఖమ్మంలో మిర్చి వ్యాపారం. మా ఆఫీసుకు వచ్చి జయమ్మను పిలిపించాడు.

"గుట్టెక్కిన సార్. మస్తుసార్లు చేసిన. పోలే," అంది జయమ్మ.

"అడవి కదండీ, గాలివానకు సిగ్నల్ ఉండదు," అన్నాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను. పనిలో పనిగా నన్ను కూడా.

"ఊరివాళ్లు ఆ గుట్ట మీంచే నాకు ఫోన్ చేశారండీ. అందరికీ ఉన్న సిగ్నలు ఈవిడకే లేదా?" అన్నాడాయన. "అసలు గుట్టెక్కావా, గూడేనికి పోయి పడుకున్నావా?"

"అయ్యను ఇడిశిపెట్టి యాడికి పోత? సార్‌నే అడుగుండ్రి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను మాట్లాడలేదు. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. ఆ రోజు మాత్రం బాగా చేశాను.

ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ చుట్టుపక్కల ఎవరూ మళ్లీ ఆమెను రోగి మంచం దగ్గరికి రానివ్వలేదని విన్నాను.

మొన్న కుసుమంచి బస్సులో కనిపించింది. మిర్చి ఏరడానికి పోతోందట. "బాగున్నరా సార్," అంది. అంతే. అప్పటి నుంచి ఆ పలకరింపును తిప్పి తిప్పి చూస్తున్నాను. తెలిసే అందా? నా ముఖం ఎలా మారుతుందో చూద్దామని అందా? లేక ఉత్త మర్యాదేనా? మూడోదే అయితే నాకు మరీ కష్టం.

ఆమె గుట్టెక్కింది. ఫోను చేసింది. అది మోగకుండా చేసింది నేను.

మిర్చి తోటలో వంగి ఉన్న ఆ మనిషికి ఈ మాటల వల్ల ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. అది న్యాయం కాదని తెలుసు.