పౌండు ఎట్లుంది బిడ్డా?

మొన్న బుధవారం పొద్దుగాల మామ పోయిండు. నేను పేపర్ మడిచి పట్టుకొని గడపల నిలబడ్డ. పన్నెండేండ్ల సంది ఆ యాళ్లకు వచ్చి, మా అరుగు మీద కూసోని, "పౌండు ఎట్లుంది బిడ్డా?" అని అడిగే మనిషి రాలేదు. ఆయన కొడుకు వచ్చిండు. "వదినా, నాయిన లేస్తలేడు" అన్నడు.

మామ నాకు చుట్టం కాదు. వరంగల్ల మా పక్కింటాయన, జంపఖానాలు నేసేటోడు. ఆయన నేసినవి సేటు చేతుల మీదుగ లండన్ పోయేవి. అక్షరం ముక్క రాని మనిషికి పౌండు ఫికర్ అందుకే. జంపఖానా తెచ్చి అప్పజెప్పిన నాడు పౌండుకు ఎన్ని రూపాయలొస్తయో దాన్ని బట్టి మజూరి అని సేటు షరతు. "ఎన్నడు చూడని పైస నా ఇంట్ల పెత్తనం చేస్తాంది బిడ్డా" అని నవ్వేటోడు మామ.

నేను డెబ్బై ఆరుల ఈ వాడకట్టుకు కోడలుగ వచ్చిన. మెట్రిక్ పాసైన. మా ఆయన కాలేజీల అటెండర్, నిన్నటి ఇంగ్లీషు పేపర్ రోజు ఇంటికి తెచ్చేటోడు. అది చదువుతనని అందరు నన్ను ఇంగ్లీషు కోడలని ఆటపట్టించేటోళ్లు. నాక్కూడా జర గర్వముండె, దాచుకునుడెందుకు.

అప్పటికే అత్తకు, అంటే మామ భార్యకు, కడుపుల గడ్డ. హైదరాబాద్ తోలుకపోయి ఆపరేషన్ చేయించాలె, ఆలస్యం చేయొద్దని డాక్టర్ చెప్పిండు. మామ మగ్గం మీద ఇల్లంత జంపఖానా పూర్తయి ఉంది. దాని మజూరే ఆపరేషన్ పైసలు. కానీ అప్పటి పౌండు ధరకు అవి సరిపోవు. పౌండు జర లేస్తే సరిపోతయి. రోజు పొద్దున వచ్చి అడిగేటోడు, "జంపఖానా దించాల్నా బిడ్డా, ఆగాల్నా?"

నేను పేపర్ల అంకె చూసేదాన్ని. నిన్నటికంటే పెరిగితే "లేసింది మామా, ఇంకో రెండు రోజులు ఆగు" అనేదాన్ని.

ఆ మాట విని అత్త మంచంల లేచి కూసునేది. పక్కన చిన్న చట్రానికి పడుగు కట్టించుకుంది. పౌండు లేస్తే పచ్చ పోగు, పడితే ఎర్ర పోగు, కదలకపోతే తెల్ల పోగు వేసి బెత్తెడు పట్టీ నేస్తుండె. "రాత రానోళ్లకు ఇదే రాత పిల్లా" అన్నది నాతోటి. పచ్చ పోగు వేసిన నాడు రెండు ముద్దల గట్క ఎక్కువ తినేది. మామ గిన్నె పట్టుకొని ఎదురుగ కూసునేటోడు.

నెల దాటినంక ఒకనాడు ఆ అంకెల మీదున్న చిన్నక్షరాలు చదివిన. అవి పౌండుకు ఎన్ని రూపాయలో చెప్పే అంకెలు కావు. వంద రూపాయలకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకెలు. వంద రూపాయలకు ఉల్లిగడ్డలు ఎక్కువొస్తున్నయంటే ఉల్లిగడ్డ అగ్గువైనట్టే గదా! పౌండు లేస్తలేదు, నెల సంది కదిలినప్పుడల్ల పడుతనే ఉంది. నేనే ఆగుమన్న.

చెప్పాలనే పోయిన. అత్త పచ్చదారం ఉండ చేతుల పట్టుకొని కూసోని ఉంది. "లేసిందా?" అన్నది. ఆ మొఖం చూసి "లేసింది అత్తా" అన్న. మళ్లోసారి గూడ అట్లనే అన్న. మొదటి ఏడు సార్లు నా తెల్వితక్కువ. చివరి రెండు సార్లు నా పిరికితనం. దానికి వేరే పేరు లేదు.

ఇగ ఆగలేక మామ జంపఖానా కోసి భుజానేసుకొని సేటు కాడికి పోయిండు. పౌండు లేసింది, మజూరి పెంచుమన్నడు. సేటు పేపర్ తీసి లెక్క చూపిస్తే దుకాణంల అందరు నవ్విన్రట. "లేసిందని ఎవలు చెప్పిన్రయా నీకు?" అంటే, "ఎవ్వలు చెప్పలే సేటూ, నేనే తప్పు విన్న" అన్నడట. ఆడ ఉన్న ఇంకో నేతాయన వచ్చి నాకు చెప్పిండు.

తక్కువ పడ్డ పైసల కోసం మామ తిరగని గడప లేదు. అవి చేతికొచ్చేసరికి అత్త లేదు. నెల ముందు తోలుకపోతే బతికేదా? డాక్టర్ గూడ చెప్పలేకపోయిండు.

దినాలైన మర్నాడు మామ వచ్చి అరుగు మీద కూసున్నడు. తిడ్తడని చూసిన. తిడితే బాగుండనిపించింది.

"పౌండు ఎట్లుంది బిడ్డా?"

"పడ్డది మామా" అన్న.

"గట్లనా. ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా, ఏం కాదు" అని ఇంటికి పోయి ఎర్ర పోగు వేసిండు. ఆ పట్టీ ఆయనే నేసుకుంట వచ్చిండు. నేను తప్పు ఒప్పుకుందామని ఎన్నిసార్లో నోరు తెరిచిన. తెరిచినప్పుడల్ల "చాయ్ సల్లారుతాంది, తాగు" అనేటోడు. నా చదువును నమ్మినోళ్లు నాకు మస్తుమంది దొరికిన్రు. అది తప్పని తెలిసినంక గూడ పొద్దున్నే వచ్చి అడిగింది ఆయనొక్కడే.

నిన్న ఆయన కొడుకు ఆ చట్రం తెచ్చిండు. పట్టీ చుట్ట దానికే ఉంది. "నీకే ఇయ్యమన్నడు వదినా" అన్నడు. మొదలు దొరికేదాక విప్పిన. నా మాట విని అత్త వేసిన పచ్చవన్నీ ఊడదీసి ఎరుపు వేసి ఉంటడనుకున్న. తొమ్మిది పచ్చ పోగులు అట్లనే ఉన్నయి. అత్త చేతుల సత్తువ లేక వంకరగ పడ్డయి. మామ వాటిని ముట్టుకోలేదు. నేను ఏడ్చిన, గట్టిగనే ఏడ్చిన.

బుధవారం పొద్దుగాల పట్టుకున్న పేపర్ ఇంకా మడిచినట్టే ఉంది. ఇప్పుడు విప్పిన. చిన్నక్షరాలు రెండుసార్లు చదివిన. అంకె తగ్గింది. పౌండు లేసింది మామా, నిజంగనే లేసింది.

చట్రానికి పచ్చదారం ఉండ కట్టి ఉంటే, ఒక పోగు తీసి దూర్చిన. నాకు నేత రాదు. నా పోగు గూడ వంకరగనే పడ్డది.