సాక్ష్యం చెప్పినావిడ

గోవాడ దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక మా చోడవరం బస్సు ఇరుక్కుపోయింది. పక్క సీటావిడ తలమీద కొంగు కప్పుకుంది. ప్రార్థన అనుకున్నాను, చాటుగా మాత్ర మింగింది.

నేనూ విశ్వాసినే, సైకాలజీ చదివినదాన్ని. ఊరుకోలేక అన్నాను: "డాక్టరు ద్వారా కూడా దేవుడే బాగుచేస్తాడమ్మా. దాచడమెందుకు?"

"నాకు తెల్దేటమ్మా?" అంది గుసగుసగా. "ప్రార్థనతో దిగులు జబ్బు పోయింది, మాత్రలు మానేసేనని చర్చిలో సాక్ష్యం సెప్పేసేను. తర్వాత దిగులు మళ్లీ వచ్చేసింది. ఈలోగా నా సాక్ష్యం ఇని ఓ గుంట తన మాత్రలు పారేసింది."

"ఆ పిల్లకి నిజం చెప్పెయ్యండి."

"ఎలాగమ్మా? అదిగో, ముందు సీట్లోనే ఉంది."

బస్సు ఇంకా కదల్లేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, నిద్రలేని కళ్లతో నవ్వుతూ "వందనాలక్కా" అంది.

"వందనాలమ్మా" అంది ఆవిడ.

పిల్ల నావైపు చూసింది. నేనూ వందనాలే చెప్పాను.