బాబాయి ఎడమ ముంజేయి

మా బాబాయి మంగలి. చేతిలో కత్తి, నోట్లో కబుర్లు, రెండూ ఆగవు. ఆయన ఎడమ ముంజేయి మాత్రం చంటిపిల్లాడి బుగ్గలా నున్నగా ఉండేది. కొత్త బ్లేడు వేసినప్పుడల్లా ముందు ఆ చేతి మీద గీసి పదును చూసేవాడు. ఆ తర్వాతే గిరాకీ గడ్డం.

ఓసారి గిరాకీ చెంపా, తన వేలూ ఒకే దెబ్బకి కోశాడు. ఆసుపత్రిలో పక్కలు మార్చే పని చేసే పిన్ని ఊరుకుంటుందా? రక్తం ద్వారా అంటుకునే కామెర్ల జబ్బు, హెపటైటిస్ బి ఉందేమో చూపించుకోమని పరీక్షకి తరిమింది.

రిపోర్టు వచ్చేసరికి పిన్ని రాత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. మూడు వరసల్లో నడిమిది లావుపాటి అక్షరాల్లో 'పాజిటివ్' అంది. బాబాయి గిరాకీల కుర్చీలో కూలబడ్డాడు.

"పాజిటివ్ అంటే ఉన్నట్టేనా రా?"

"ఉన్నట్టే," అన్నాను. కాలేజీ మధ్యలో మానేసినా తీర్పులివ్వడం మానలేదు నేను.

"నా చేతి మీద గీసిన బ్లేడే కదరా అందరి గొంతుల మీదా తిరిగింది! వీధి వీధంతా నా పుణ్యమే!"

మర్నాడు కత్తి ముట్టలేదు. వచ్చినవాళ్ళ కంటి రెప్పలు కిందికి లాగి చూడటం మొదలుపెట్టాడు.

"నేను క్షవరానికొచ్చానా, కళ్ళ పరీక్షకొచ్చానా?" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు.

"పచ్చబడలేదు కదా మాస్టారూ? అన్నం సయిస్తోందా?"

"నీ వాలకం చూశాక సయించడం లేదు."

మాస్టారు వెళ్ళగానే బాబాయి షాపు తాళాలు నా చేతిలో పెట్టాడు. "సాయంత్రం వీధిలో నిలబడి అందరికీ చెప్పేస్తాను. ఇక ఈ షాపుకి ఎవడొస్తాడు?" ఆయనకి ఇంకో పని రాదు. నాకు ఏ పనీ రాదు. భయమేసి పిన్ని దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ మా ఇద్దరినీ ల్యాబుకి లాక్కెళ్ళింది.

ల్యాబు మేడమ్ కాగితం చూసి నవ్వింది. "మొదటి వరస వైరస్. నెగెటివ్, అంటే దొంగ ఇంట్లో లేడు. మీరు భయపడ్డ రెండోది దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు. పాజిటివ్, అంటే కాపలా కుక్క ఉంది. మూడోది ఎప్పుడైనా జబ్బు సోకిందా అని చెప్పేది. అదీ నెగెటివ్. దొంగ ఎన్నడూ గడప తొక్కలేదు. కుక్కని తెచ్చింది టీకా."

"నేనెప్పుడు వేయించుకున్నాను?"

"మా ఆసుపత్రిలో సిబ్బంది ఇళ్ళవాళ్ళకి వేసినప్పుడు," అంది పిన్ని. "సూది చూడగానే కళ్ళు తేలేశావు. స్పృహ ఉంటే కదా గుర్తుండటానికి! ఊరందరి గొంతు మీద కత్తి పెట్టే మగాడు!"

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. మేడమ్ మాత్రం వదల్లేదు. "చేతి మీద గీసిన బ్లేడు ఇంకొకరికి వాడకండి. ఇప్పుడు గండం లేదు గానీ, అది మాత్రం తప్పే."

మానేశాడు. ఇప్పటికీ కొత్త బ్లేడు వెయ్యగానే చెయ్యి ఆ వైపు పోతుంది, గాల్లో ఆగి వెనక్కొస్తుంది. నెలయ్యేసరికి ఎడమ ముంజేతి మీద నల్లగా వెంట్రుకలు మొలిచాయి. ఆయన వాటిని దువ్వుకుంటుంటే మాస్టారు అద్దంలోంచి చూసి అన్నారు:

"ముందు నా క్రాఫు కానివ్వవయ్యా. దానిది తర్వాత చూద్దువుగాని."