పాటలో తెప్ప

మొన్న మధ్యాహ్నం మనవరాలు ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మామ్మా, ఇది మన వూర్లో తీసిన సినిమా అంట గదా, సూడు" అంది. నేను ఎండు చేపలు తిరగేస్తున్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి సినిమా మొదలైపోయింది. తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. కూడబలుక్కుని చదివాను. ఇందులో మనుషులు, సంగతులు అన్నీ కల్పించినవేననీ, బతికున్నవారితో గాని పోయినవారితో గాని సంబంధం లేదనీ రాసి ఉంది. మొదట నవ్వు వచ్చింది, తర్వాత ఒళ్లు జలదరించింది. ఈ సినిమా హాల్లో చూసిన నాటికి నాకు అక్షరం ముక్క రాదు. జుట్టు నెరిశాక, ఈ మనవరాలి పలక మీదే దిద్దుకున్నాను. అప్పుడే చదువు వచ్చి ఉంటే ఆ మాట మావాళ్లకి చదివి వినిపించేదాన్ని. వినిపించినా వాళ్లు నమ్మేవారు కారు లెండి.

మాది నౌపడ దాటి ఉప్పు మడుల పక్కనుంచి పోతే వచ్చే సముద్రపొడ్డు పల్లె. మగవాళ్లు వేటాడి తెచ్చిన చేపల్ని గంపలకెత్తుకుని టెక్కలి తీసుకెళ్లి అమ్మడం ఆడవాళ్ల పని. సరుకు తొందరగా అయిపోయిన రోజున మేట్నీకి పోవడం మా ఇంటి ఆడవాళ్ల దురలవాటు. మా అత్త, అప్ప, ఆడపడుచు, నేను. అప్ప అంటే నా తోటికోడలు, మా పెద్ద బావ భార్య. చేపల వాసన లోపలికి రాకూడదని హాలు అతను మా ఖాళీ గంపల్ని సైకిళ్ల దగ్గర పెట్టించేవాడు. వాసన గంపల్లో కంటే మాలోనే ఎక్కువని పాపం అతనికి తెలియదు. మేము కూర్చుంటే మా ముందు వరస దానంతట అదే ఖాళీ అయిపోయేది. కాళ్లు చాపుకుని రాణుల్లా చూసేవాళ్లం.

సినిమా చూడడం ఒక ఎత్తు, తిరుగు ఆటోలో దాని మీద మాట్లాడుకోవడం ఒక ఎత్తు. రెండో సగమంతా నిద్రపోయిన అత్తే అందరికంటే ముందు తీర్పు చెప్పేది. "ఏటుందే అందులో? ఆడు కొడతాడు, ఈళ్లు ఎగిరి పడతారు. మన వల లాగమను, ఒక్కడూ లాగనేడు."

"నువ్వు గుర్రెట్టి తొంగున్నావు, నీకేటి తెలుస్తాది?" అని ఆడపడుచు కస్సుమనేది. "ఆ పిల్ల కట్టిన కోకలు సూసినావా? అయ్యి సూడ్డానికైనా ఇంకోపాలి ఎల్లాల."

అప్పది మరో గోల. "అంత ఏడిసినాది గదే, కాటుక సెదరనేదేటే? నాను ఉల్లిపాయ తరిగితేనే బూసిలా అయిపోతాను." ఆ మాటకి ఆటో తోలేవాడు కూడా నవ్వేవాడు.

ఆ నవ్వులు బావతో పోయాయి. ఒక తెల్లవారుజామున ఆయన ఒంటరిగా తెప్ప మీద గేలాల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు గాలి లేదు, వాన లేదు, సముద్రం నూనె పోసినట్టు ఉంది. మనిషి దొరకలేదు, తెప్ప దుంగ ఒక్కటైనా ఒడ్డుకి కొట్టుకు రాలేదు. ఇలా పోయినవాడికి మావాళ్లు గడ్డితో బొమ్మ కట్టి, వాడి లుంగీ కప్పి, కాల్చి కర్మ చేస్తారు. అది జరిగేదాకా పోయినవాడికి పిండం లేదు, పెళ్లానికి గాజులు తియ్యరు. అత్త చెయ్యాలని పట్టుపట్టింది. "నా కొడుకు ఆకలితో తిరగతన్నాడే. ముద్ద ఎట్టనియ్యవే" అని ఏడ్చేది. అప్ప ససేమిరా అంది. "రేపు మడిసి వొస్తే ఏటి సెప్తావు? నిన్ను గడ్డి సేసి కాల్సేసినాం అని సెప్తావా?" ఇద్దరిదీ న్యాయమే. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ మాట్లాడుకోకుండా నెలలు గడిపారు. అన్నం వండిన ప్రతిసారీ అప్ప బావ కంచం బోర్లించి పీట ముందు పెట్టేది. అది చూసి అత్త తినకుండా లేచిపోయేది.

ఆ చలికాలంలోనే సినిమావాళ్లు మా ఊరు వచ్చారు. పాట తీయాలి, సముద్రం ఖాళీగా కనబడాలి, పడవలూ తెప్పలూ అన్నీ సరుగుడు తోట వెనక్కి లాగేయండి అన్నారు. పాటలో హీరోయిన్ అమ్మాయి ఒంటరితనం అప్పుడే తెలుస్తుందట. మగవాళ్లు అలాగే లాగేశారు. ఊరంతా ఇసుకలో కూర్చుని చూశాం. మా సముద్రం మీద ఒక్క చుక్క కూడా లేకపోవడం పుట్టిన తర్వాత అదే చూడడం. "ముండమోసినట్టుంది" అని అత్త నోరు జారి, అప్పవైపు చూసి నాలిక కరుచుకుంది. పాటంతా అయ్యేవరకు అప్ప ఆ అమ్మాయిని చూడనేలేదు, నీళ్లనే చూస్తూ ఉంది.

సినిమా టెక్కలి వచ్చినప్పుడు నాకు జ్వరం. అప్ప, ఆడపడుచు వెళ్లి వచ్చారు. ఆడపడుచు గడపలోంచే మొదలుపెట్టింది. "మన ఇసక ఎంత బాగున్నాదో! కానీ మన వూరి పేరు ఎక్కడా సెప్పనేదు, సచ్చినోళ్లు." అప్ప నా మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా అంది. "మీ బావ వొస్తన్నాడే. పాటలో. ఆ పిల్ల ఎనకాల, దూరంగా, తెప్ప మీద."

"నువ్వు సూసినావా?" అని ఆడపడుచుని అడిగాను.

"నాను కోక సూస్తన్నాను. ఎనకాల సముద్రం ఎవులు సూస్తారు?" అంది గాని, దాని ముఖం పాలిపోయింది.

మా ఊరి ఆడవాళ్లకి ముఖం కనబడనక్కరలేదు. ఆకాశం అంచున తెప్ప మీద నిలబడిన తీరు చూసి అది ఎవరి మొగుడో చెప్పేస్తారు. బావ బరువంతా ఒక కాలి మీద వేసి, ఎడమ భుజం దించి, కొంగలా నిలబడేవాడు. ముఖం ఒడ్డువైపు ఉంటే వస్తున్నట్టు, వీపు కనబడితే వెళ్తున్నట్టు. ఇందులో మేము పొరబడం. పొరబడితే పొయ్యి మీద ఎసరు దండగవుతుంది.

అప్ప ఆ రోజే అత్త ముందు నిలబడింది. "కన్నదానివి నువ్వు. వొచ్చి సూడు. ఆడు కాదన్నావంటే గాజులు నానే తీసేస్తాను."

నలుగురం వెళ్లాం. గంపలు లేకుండా, తలస్నానాలు చేసి సినిమాకి పోవడం మాకు అదే మొదలు. మా ముందు వరస నిండా జనం కూర్చున్నారు, ఎవరూ మమ్మల్ని తిరిగి చూడలేదు. అత్త ఆ రోజు నిద్రపోలేదు. పాట మొదలైంది. ఆ అమ్మాయి మా ఇసుక మీద నడుస్తోంది, వెనక ఖాళీ సముద్రం. ఉన్నట్టుండి ముందు వరసలో ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమె పక్కనావిడ కూడా తిరిగింది. అప్పుడు మాకూ తగిలింది, తడి వల వాసన, అప్పుడే నీళ్లలోంచి లాగినట్టు. తెర అంచున నీళ్ల మీద సన్నటి నల్లగీత కనబడింది. అది లేచి నిలబడింది. ఒక కాలి మీద, ఎడమ భుజం దించి.

అత్త నా మణికట్టు పట్టుకుంది. అప్ప సగం లేచింది. తెప్ప మీద మనిషి వీపు మాకు కనబడుతోంది. అలా కనబడుతూనే చిన్నదై, ఆ అమ్మాయి కొంగు వెనక్కి పోయింది. కొంగు తొలిగేసరికి నీళ్లు తప్ప మరేమీ లేదు. వాసన కూడా పోయింది.

తిరుగు ఆటో ఎక్కాం. "ఏటమ్మా, సినిమా బాగునేదేటి?" అని ఆటో అతను అడిగి అడిగి ఊరుకున్నాడు. ఉప్పు మడులు వచ్చాక అత్త నోరు విప్పింది. పంతం వదిలేసిన గొంతు అది. "ఆడేనే. నా కొడుకే. ఇంక కర్మ ఊసు ఎత్తను. నీ గాజులు నీకే ఉండనీ."

అప్ప మడుల్లో తెల్లగా మెరుస్తున్న ఉప్పుని చూస్తూ ఉంది. "ముందుపాలి ఎదురుగా వొచ్చినాడత్తా. ఇయ్యాల ఈపు సూపించినాడు. నాను ముద్ద ఎట్టనేదని ఎల్పోతన్నాడు. ఆకలితో పంపొద్దు. సెయ్యి."

చేశారు. గడ్డిబొమ్మ మీద లుంగీ అప్పే కప్పింది. ఇంటికి వచ్చాక బోర్లించిన కంచం తిరగేసి, అందులో అన్నం పెట్టి అత్త చేతికి ఇచ్చింది. ఇద్దరూ ఆ కంచంలోనే తిన్నారు.

మొన్న ఫోనులో ఆ పాట వచ్చినప్పుడు నేను నీళ్ల అంచునే చూశాను. సముద్రం ఖాళీగా ఉంది. వెనక్కి జరపమన్నాను. మళ్లీ ఖాళీయే, మావాళ్లు తెప్పలన్నీ తోట వెనక్కి లాగేసిన నాటిలాగే. గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న అప్పని పిలిచాను. అత్త పోయాక ఇంటికి ఆమే పెద్ద. "అప్పా, పాటలో తెప్ప నేదు" అన్నాను. ఆమె ఫోను వైపు తలైనా తిప్పలేదు. "ఎందుకుంటాదే? అప్పుడే ఎల్పోనాడు గదా" అంది.

మనవరాలికి ఇదేమీ తెలియదు. ఫోను తీసుకుంటూ తన తీర్పు తాను చెప్పింది. "సినిమా పరవానేదు గానీ మామ్మా, ఆ పాట మరీ సాగదీసినారు." నేను కాదనలేదు. దానికి అంత పొడుగనిపించిన ఆ పాటలో, ఒక మనిషి ఇంటిదాకా వచ్చి, అన్నం కోసం చూసి, తిరిగి వెళ్లడానికి సరిపడా కాలమే ఉంది.