తిరిగి చదివించుకోవడం

మొన్న మియాపూర్ వెళ్ళే మెట్రోలో నా పక్కన నిలబడ్డ ఒకాయన ఫోన్లో ఏదో నంబరు ఒక్కో అంకే చెబుతున్నాడు. చివర "ఇగ నువ్వు చదువు, నేను వింట" అన్నాడు. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఆ మాట నేను మొదట విన్నది యాదగిరి సార్ నోట.

తొంభైల చివర, హైటెక్ సిటీ మొదటి భవనం చుట్టూ ఇంకా బండరాళ్ళే ఉన్న రోజుల్లో, ఆయన మా నెట్‌వర్క్ టీమ్‌కు పెద్ద. ఒక బ్యాంకు పాత కంప్యూటర్‌తో వరంగల్ శాఖను కలిపే పని మాది. ఆ కంప్యూటర్ భాష కొత్త లైన్ల మీద నడవదు. అందుకని రెండు చివరలా రౌటర్లు పెట్టి, పాత సందేశాన్ని కొత్త కవరులో పెట్టినట్టు పంపేవాళ్ళం. ఇక్కడి రౌటర్‌లో అక్కడిదాని చిరునామా, అక్కడిదానిలో ఇక్కడిది రాసి ఉండాలి. ఒకవైపు తప్పినా రెండూ కలవవు. అందుకే ఏ మార్పుకైనా ముందు సార్ అవతలి ఇంజనీరుకు ఫోన్ చేసి, చిరునామా చెప్పి, తిరిగి చదివించుకునేవారు. నాకది చాదస్తంగా తోచేది.

"ఫాక్స్ పంపితే చాలదాండీ?" అన్నానొకసారి.

"కాయిదం పోతది. ఆయన చదివిండో లేదో కాయిదం చెప్తదా?" అని నవ్వారు.

ఒక మధ్యాహ్నం మా వైపు చిరునామా మార్చే పని నాకప్పగించారు. వరంగల్ ఫోన్ రెండుసార్లు ఎంగేజ్ వచ్చింది. తర్వాత చేయవచ్చనుకుని, మార్పులు నమోదు చేసే రిజిస్టర్‌లో 'చదివించాను' అని రాసి, మార్చేశాను. కాసేపటికే శాఖలో కౌంటర్లన్నీ ఆగిపోయాయి.

"రమేశ్, ఫోన్ చేసినవా?" అన్నారు సార్.

"చేశానండి. ఆయన చదివాడు కూడా."

సార్ అప్పటికే వచ్చి నిలబడ్డ మా మేనేజర్ వైపు తిరిగి, "మా రమేశ్ అబద్ధం చెప్పడు సార్. తప్పు అవతల్నే ఉంది" అన్నారు. వరంగల్ ఇంజనీరు సాంబయ్యను స్పీకర్ ఫోన్లో నిలదీశారు. "నాకెవ్వరు చెయ్యలే అన్నా. చేస్తే చదవనా?" అన్నాడాయన. ఆ గొంతు సార్‌కు ఏళ్ళుగా తెలుసు. నా వైపు ఒకసారి చూసి, "తప్పు నాదే. చూసుకోవాల్సింది నేను" అన్నారు మేనేజర్‌తో. నేను రిజిస్టర్ వైపు చూస్తూ కూర్చున్నాను.

మరుసటి వారం ఆయనను స్టోర్స్‌కు మార్చారు. డ్రాయరు ఖాళీ చేసుకుంటూ, "జర సాంబయ్యకు ఫోన్ చెయ్యి. పరేషాన్ అయితుండు. జరిగింది చెప్పు, చాలు" అన్నారు. సరేనన్నాను. చెయ్యలేదు. సార్ పోయిన సంగతి కూడా రెండు నెలలు ఆలస్యంగా తెలిసింది నాకు.

ఇప్పటికీ అవతలివాళ్ళ చేత చదివించనిదే ఏ మార్పూ చెయ్యను. జూనియర్లు అది ఎవరు నేర్పారని అడుగుతారు. యాదగిరి సార్ అని చెబుతాను. ఎలా నేర్చుకున్నానో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.