నన్ను చూపించి అమ్మిన వారంటీ

కారు కొన్న రోజున షోరూంలో నాకు జరిగిన మర్యాద ఇప్పటికీ మర్చిపోలేదు. తొంభైల చివర్లో, ఢిల్లీలో వారానికో కొత్త కారు రోడ్డెక్కుతున్న రోజులవి. టై కట్టుకున్న సేల్స్‌మన్ మా ఇద్దరికీ టీ తెప్పించి, "మేడమ్ భీ చలాయేంగీ?" అని అడిగాడు. నడపడం నేర్చుకుంటానని చెప్పాను. అంతే, కుర్చీ పూర్తిగా మా ఆయన వైపు తిప్పుకున్నాడు.

"ఫిర్ తో సర్, ఎక్స్‌టెండెడ్ వారంటీ లేనా హీ పడేగా."

అది తీసుకోక తప్పదట. కంపెనీ వారంటీ అయిపోయాక ఇంకో రెండేళ్లు, ఏం పాడైనా వాళ్లే చూసుకుంటారట. ఆడమనిషి చెయ్యి పడబోయే బండికి ఆ మాత్రం రక్షణ లేకపోతే ఎలాగని వాడి బాధ. మా ఆయన ముసిముసిగా నవ్వి సంతకం పెట్టేశారు. పైగా వాడికి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు.

ఒళ్లు మండింది. కానీ నాకు కారు కావాలి. ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి అశోకా రోడ్ దగ్గరున్న మా ఆఫీసుకి ఏళ్ల తరబడి బస్సులో నిలబడి వెళ్లినదాన్ని. ఢిల్లీ బస్సులో వెనక నిలబడే మగవాళ్ల మోచేతుల సంగతి ఆ బస్సెక్కిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. చీర కొంగు పిన్నులు పెట్టుకోడానికి తక్కువ, వాళ్లని గుచ్చడానికి ఎక్కువ పనికొచ్చేవి. కారు కొంటే నాకూ నేర్పిస్తానని మా ఆయన మాటిచ్చారు. ఆ మాట నమ్మి నా చిట్టీ డబ్బంతా ఆ కారులో పోశాను.

కారైతే వచ్చింది.

"ఈ ఆదివారం మొదలుపెడదామా?" అని అడిగాను.

"తొందరేముందే? నువ్వు గేరు బాక్సు విరగ్గొట్టావంటే వారంటీ పోతుంది."

"నేను విరగ్గొడతాననే కదండీ అది కొన్నారు?"

"నీకు తెలీదులే. దానికి చాలా కండిషన్లుంటాయి."

నేను పాడుచేస్తానని కొన్న వారంటీ, నేను ముట్టుకుంటే పోతుందట. మా ఆయనలా మినిస్ట్రీలో ఫైలుని ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిప్పీ తిప్పీ అరిగిపోయిన బుర్రకే ఇలాంటి తెలివి పుడుతుంది.

ఆ తర్వాత మా ఇంట్లో కారు మడి కట్టుకుంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తీయకూడదు. జూన్ ఎండలో అవి వీపుకంటుకుని, లేస్తే చర్మం ఊడొచ్చేది. కరోల్ బాగ్‌లో స్టీరియో పెట్టిద్దామంటే, బయటివాళ్లు వైరింగు ముట్టుకుంటే వారంటీ పోతుందన్నారు. పక్క క్వార్టరు ఆంటీ గాలి కొట్టే పంపు ఇవ్వబోతే, దండం పెట్టి వెనక్కి పంపారు. ఆఫీసుకి మాత్రం ఆయన సీటు ఖాయంగా దొరికే చార్టర్డ్ బస్సులో వెళ్లేవారు, కారు అరిగిపోతుందని. నేను మామూలు బస్సులో, మామూలు మోచేతుల మధ్య.

ఆదివారాలు మాత్రం ఊరేగింపు. ఆయన నడుపుతుంటే పక్కన బొమ్మలా కూర్చునేదాన్ని. ఎడమకాలు క్లచ్ మీంచి తీసేవారు కాదు. మా ఆఫీసులో కారు నడిపే ఒకావిడ అలా పెట్టకూడదని చెప్పింది. అదే మాట ఆయనతో అన్నాను.

"నడిపేది నువ్వా, నేనా?" అన్నారు.

అలా మూడేళ్లు గడిచాయి. ఓ ఆదివారం కరోల్ బాగ్ వెళ్తూ రిడ్జ్ రోడ్డు ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. బ్రేకు వేయకుండా, క్లచ్ మీదే బండిని ఆపి నిలబెట్టి, అది తన ప్రతిభ అయినట్టు కూర్చున్నారు. కాలుతున్న వాసనొస్తోందన్నాను. ముందున్న బస్సుదన్నారు. కాసేపటికి బస్సు వెళ్లిపోయింది, వాసన మిగిలింది. ఇంజిను గోలపెడుతోంది, బండి కదలదు. చివరికి దాన్ని లాక్కుని సర్వీస్ సెంటరుకి చేర్చాం.

అక్కడి సూపర్‌వైజరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"క్లచ్ జల్ గయా సర్. యే వారంటీ మే నహీ ఆతా. యే చలానేవాలే కీ గల్తీ హై." క్లచ్ కాలింది నడిపినవాళ్ల తప్పు వల్ల గనక వారంటీ వర్తించదంటూ, కళ్లు నా మీదికి తిప్పాడు. "మేడమ్ సీఖ్ రహీ హై క్యా?"

ఆ స్టీరింగు వెనక నేను ఒక్కసారైనా కూర్చుని ఎరగను. నేర్చుకోవడం లేదు అని ఆయన ఒక్క మాట అంటే చాలు. మా ఆయన గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ, "హా, థోడా థోడా" అన్నారు. అవును, కొంచెం కొంచెమట.

"అచ్ఛా," అన్నాడు సూపర్‌వైజరు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

ఆటోలో ఇంటికొస్తూ, అలా అన్నారేమని అడిగాను.

"ఏదో మాటవరసకి అన్నాలేవే. వాడి ముందు నా పరువేం కాను?"

"మరి నా పరువు?"

"నీదేం పోయింది? నువ్వేమన్నా నడుపుతావా ఏమిటి?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద నాకు కోపాలు చాలా వచ్చాయి. అసహ్యం వేసింది మాత్రం ఆ రోజే.

బండి బాగయిందని కబురొస్తే నేనూ వెంట వెళ్లాను. సూపర్‌వైజరు తాళం చేత్తో ఊపుతూ, "సర్, మేడమ్ కో సమ్‌ఝా దీజియే, క్లచ్ పే పైర్ నా రఖే" అన్నాడు, క్లచ్ మీద కాలు పెట్టొద్దని నాకు చెప్పమని. ఆయన చెయ్యి చాపేలోగా ఆ తాళం నేను అందుకున్నాను. కుడివైపు తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాను. కింద మూడు పెడల్సున్నాయి, ఏది దేనికో నాకు తెలీదు.

"ఏం చేస్తున్నావే, దిగు," అన్నారు గొంతు తగ్గించి.

"థోడా థోడా వచ్చని మీరే చెప్పారుగా. మిగతాది నేర్పండి."

సూపర్‌వైజరు చూస్తున్నాడు. నాకు రాదని ఆయన అనాలంటే, మొన్న తను అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. మా ఆయన కారు చుట్టూ తిరిగొచ్చి, నేను మూడేళ్లు కూర్చున్న సీట్లో కూర్చున్నారు.

"ముందు ఎడమకాలితో క్లచ్ తొక్కు," అన్నారు.