మూడున్నర గంటల దూరం

గల్ఫులోని సలాలాలో కట్టుడు పనిచేసే దేవదాస్ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. కబురొచ్చిన వారానికి, అతన్ని ఆ దేశం తోలిన ఏజెంటు ఆత్మారాం బోధన్ నుంచి స్కూటర్ మీద దేవదాస్ ఊరు కోటగిరికి వచ్చాడు. అది పంతొమ్మిది వందల తొంభై ఏడు. దేవదాస్ భార్య నర్సవ్వ చెరకు కొట్టే కూలి. ఆమె అడిగింది ఒక్కటే.

"నా మొగన్ని ఎప్పుడు తెస్తరు?"

"రేపు విమానంల ఏస్తరవ్వా. సలాలా నుంచి హైదరాబాదుకు మూడున్నర గంటలు. బోధన్ల బస్సెక్కి హైదరాబాదు పోతె నీకే ఎక్కువైతది."

గల్ఫు నుంచి వచ్చినవాళ్లంతా ఊళ్లో ఇదే చెప్పేవారు: పొద్దున ఆడ చాయ్, పగటికి ఈడ బువ్వ. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. దేవదాస్ అన్న మోషే మర్నాడు పొద్దున్నే కాలువ పక్కన సమాధుల తోటలో గొయ్యి తవ్వించాడు.

పొద్దుగూకింది. శవపెట్టె రాలేదు. ఆత్మారాం ఫోనెత్తలేదు.

తవ్విన గొయ్యి రాత్రి ఒట్టిగా ఉంటే ఇంకో పీనుగను అడుగుతుందని వాడలో నమ్మకం. చర్చి సంఘ పెద్ద లింబయ్య వచ్చాడు.

"ఏదన్న ఏసి పూడ్సుండ్రి. నీ మొగని బదులు నా మన్మన్ని ఇయ్యాల్నా?"

"తెల్లారేదాంక ఆగు బాపూ. విమానం ఆలిశెమైందేమో," అంది నర్సవ్వ.

"విమానమేమన్న రుద్రూర్ చెరకు బండా, బురదల దిగవడనీకి?" వెనక ఎవరో నవ్వారు.

మోషే ఒక వేప మొద్దుకు తమ్ముని అంగీ, లుంగీ చుట్టి గోతిలోకి దించాడు. ఆనవాయితీ అదే. పీనుగు వచ్చిననాడు మొద్దు తీసేయొచ్చన్నారు. లింబయ్య రెండు ముక్కల ప్రార్థన కూడా చేశాడు. నర్సవ్వ ఏడవలేదు. మొద్దుకు ఏడవడమేమిటి?

అసలు సలాలా నుంచి హైదరాబాదుకు నేరుగా విమానమే లేదు. మస్కట్ పోవాలి, అక్కణ్నుంచి బొంబాయి. ఆత్మారాం చెప్పింది పిట్ట ఎగిరే దూరం. కంపెనీ శవాన్ని ఆస్పత్రి గదిలో పడేసి ఊరుకుంది. మనిషి కావలసినప్పుడు రాత్రికి రాత్రి విమానమెక్కించేవాళ్లకు, పీనుగును పంపవలసి వచ్చేసరికి మధ్యలో సముద్రం గుర్తొస్తుంది.

నెల తర్వాత ఆత్మారాం మళ్లీ వచ్చాడు. కుర్చీ వేయించుకుని మోషేతోనే మాట్లాడాడు.

"కంపెనోళ్లు ఆడనే బొందవెడ్తం అంటుండ్రు. నువ్వు సరే అంటె అయిపాయె. మీరెట్లగూ ఈడ పూడ్సిండ్రు గద. ప్రార్థన గూడ అయింది. ఒక్క మనిషికి రెండు గోరీలా?"

"పూడ్సింది మొద్దును! మనిషిని గాదు!" అంది నర్సవ్వ.

"నడుమ నీకేందే?" మోషే కసిరాడు. అతని కొడుక్కి ఆత్మారాం అప్పటికే వీసా ఇప్పిస్తానని ఒప్పుకున్నాడు. "సరే అన్నా. కానియ్యమను."

నర్సవ్వ గడ్డపార పట్టుకుని సమాధుల తోటకు ఉరికింది. మన్ను తోడి, మొద్దును బయటికి లాగి, గోతిలోనే నిలబడి అరిచింది.

"ఇగో, బొంద ఒట్టిగైంది! నా మొగన్ని తోలియ్యమనుండ్రి!"

వాడంతా వచ్చింది. చేయందించడానికి కాదు. జుట్టు పట్టి ఆమెను పైకి లాగారు. మొద్దును మళ్లీ దించి, మన్ను పోసి, గట్టిగా తొక్కారు. ఆత్మారాం బోధన్ పోయి, ఇంటోళ్లు ఒప్పుకున్నారని కంపెనీకి ఫోన్లో చెప్పేశాడు.

దేవదాస్‌ను ఎక్కడ పూడ్చారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మరుసటేడు మోషే, కొడుకు సలాలా నుంచి పంపిన మొదటి పైసలతో, ఆ మొద్దు మీద సిమెంటు గద్దె కట్టించి తమ్ముని పేరు రాయించాడు.